డూప్లికేట్.. అసలా? నకలా?

కేసముద్రం మార్కెట్ యార్డు దగ్గర నిలబడి ‘డూప్లికేట్’ అనే మాట అని చూడండి. మిర్చి రైతు చెవికి అది మోసం. మొలకెత్తని విత్తనం, పురుగు చావని మందు, కంపెనీ బొమ్మను ఉన్నదున్నట్టు అచ్చేసిన ప్యాకెట్. అదే మాట తాళాలు చేసే ఆయన దగ్గర అనండి. ఆయనకది రోజువారీ పని. ‘బండి తాళం పోయిందా? పది నిమిషాలు కూసో, డూప్లికేట్ చేసిస్తా’ అంటాడు. అందులో మోసమేం లేదు, బండి స్టార్ట్ అవుతుంది. ఇక అదే ఊళ్లో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగాల వేటలో ఉన్న అమ్మాయి పదో తరగతి మెమో పోగొట్టుకుందనుకుందాం. బోర్డుకు దరఖాస్తు చేసి మళ్లీ తెప్పించుకుంటుంది. వచ్చిన మెమో మీద సాధారణంగా ఇదే మాట ఉంటుంది.. డూప్లికేట్ అని.

మొదటిది నేరం, రెండోది సేవ, మూడోది ప్రభుత్వ పత్రం. మాట ఒక్కటే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మనలో చాలామందికి మొదటి అర్థం తప్ప మిగతా రెండూ చప్పున గుర్తుకు రావు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజున ‘ఒరిజినల్ ఏదమ్మా?’ అని అడిగితే ‘లేదు సార్, డూప్లికేట్ ఉంది’ అని తప్పు చేసినట్టు తలొంచుకుని చెప్పేవాళ్లున్నారు. ‘డూప్లికేట్ సర్టిఫికెట్‌తోని ఉద్యోగమా? అమ్మో, వద్దు బిడ్డా’ అని భయపడే తల్లిదండ్రులూ ఉన్నారు. ఇంకోవైపు, జిరాక్స్ కాపీనే డూప్లికేట్ అనుకుని దాన్నొక్కదాన్నే ఫైల్లో పెట్టుకుని హైదరాబాద్ రైలెక్కి, వెరిఫికేషన్ కౌంటర్ నుంచి వెనక్కి తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక మాటకు అర్థం తెలియకపోతే ఏమవుతుందిలే అనుకుంటాం గానీ, దరఖాస్తుల కాలంలో మాటే ఫైలు, ఫైలే ఉద్యోగం. అందుకే ఈ ఒక్క మాట సంగతి కాస్త తీరిగ్గా చూద్దాం.

రెండు మడతలు

డూప్లికేట్ లాటిన్ నుంచి వచ్చిన మాట. ‘దువో’ అంటే రెండు. ‘ప్లికారే’ అంటే మడవడం. రెండూ కలిసి ‘దుప్లికారే’.. రెండు మడతలు వేయడం, రెట్టింపు చేయడం. ఇంగ్లిష్‌లోకి 15వ శతాబ్దంలోనే వచ్చేసింది. అప్పటి అర్థం ‘రెండింతలైన’, ‘జంటగా ఉన్న’ అని. ఆ తర్వాత ఒక పత్రానికి అన్ని విధాలా సరితూగే రెండో ప్రతి అనే అర్థం స్థిరపడింది. మాట పుట్టుకలో ఎక్కడా దొంగతనం లేదు, నకిలీ లేదు. ఉన్నదల్లా మడత.

ఈ మడత కుటుంబం చాలా పెద్దది. మీరు రోజూ వాడే మాటలే అందులో సగం ఉన్నాయి. అప్లికేషన్, అప్లయ్ అనేవి ‘ఆప్లికారే’ నుంచి వచ్చాయి.. ఒకదాన్ని మరోదానికి ఆనించి మడవడం, అంటిపెట్టడం. రిప్లయ్ అంటే వెనక్కి మడవడం. ఎంప్లాయ్ అనేది ‘ఇంప్లికారే’ నుంచి ఫ్రెంచ్ మీదుగా తిరిగి తిరిగి వచ్చింది.. లోపలికి మడవడం, ఒక పనిలో ఇరికించడం. అంటే అప్లయ్ చేసి, రిప్లయ్ కోసం ఎదురుచూసి, ఎంప్లాయీ అయ్యేదాకా మీరు చేసేదంతా మడతల మధ్య ప్రయాణమే! ట్రిప్లికేట్, రెప్లికేట్, కాంప్లికేటెడ్, ఇంప్లిసిట్, ఎక్స్‌ప్లిసిట్, డిప్లాయ్, డిస్‌ప్లే, మల్టిప్లై అన్నీ ఆ ఇంటివే. ఆఖరికి షాపులో అడిగే ప్లైవుడ్, త్రీ ప్లై మాస్కు కూడా. ప్లై అంటే మడత, పొర.

పోటీ పరీక్షల వెర్బల్ ఎబిలిటీలో ఈ మూలం ఒక్కటి పట్టుకుంటే పాతిక మాటలు సులువుగా దొరుకుతాయి. కానీ ఒక ఉచ్చు ఉంది, చూసుకోండి. సప్లయ్, కంప్లయ్ అనేవి వినడానికి ఈ కుటుంబంలా ఉంటాయి కానీ కావు. వాటి మూలం ‘ప్లేరే’.. నింపడం. సప్లిమెంటరీ కూడా ఆ నింపే వంశమే. మన కాలేజీ భాషలో ‘సప్లీ’ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఖాళీ పడ్డచోట నింపేది. లాటిన్ వాళ్లకు మన బాధ ముందే తెలిసినట్టుంది.

డిప్లొమా కూడా డూప్లికేటే

ఇది వింటే కొంచెం ఆశ్చర్యపోతారు. పాలిటెక్నిక్ వాళ్లు చేతిలో పట్టుకునే డిప్లొమా గ్రీకు మాట. గ్రీకులో ‘దిప్లోస్’ అంటే జోడు, రెండింతలు. ‘దిప్లోమా’ అంటే రెండుగా మడిచిన పత్రం. లాటిన్ డూప్లికేట్‌లో ఏ భావం ఉందో, గ్రీకు డిప్లొమాలోనూ అదే ఉంది. అధికారులు ఇచ్చే పత్రాలను మడిచి ఇచ్చేవారు కాబట్టి ఆ పత్రానికే మడత అని పేరు పడింది. ఆ మాట నుంచే తర్వాత డిప్లొమసీ, డిప్లొమాట్ మాటలూ పుట్టాయి.

పత్రం రెండుసార్లు రాయడం వెనుక పెద్ద తెలివి ఉంది. రోమన్ సామ్రాజ్యంలో సహాయక దళాల సైనికుడు 25 ఏళ్లు పనిచేస్తే అతనికి రోమ్ పౌరసత్వం దక్కేది. దానికి రుజువుగా కంచు పలకలు ఇచ్చేవారు. చరిత్రకారులు వీటిని ఇప్పుడు సైనిక డిప్లొమాలు అంటున్నారు. రెండు పలకలు, వాటిని తీగతో కలిపి కట్టేవారు. ఒకే రాత రెండుసార్లు చెక్కేవారు.. ఒకసారి లోపలి వైపు, ఒకసారి బయటి వైపు. బయటిది ఎవరైనా చదువుకోవచ్చు. లోపలిది ఏడుగురు సాక్షుల ముద్రల కింద భద్రంగా ఉండేది. బయటి రాతను ఎవడైనా గీకి మార్చాడన్న అనుమానం వస్తే తీగ తెంపి లోపలిది చూడటమే. రోమ్‌లో గోడకు బిగించిన కంచు పలక మీది అసలు రాత నుంచి దీన్ని ఎత్తి రాసి, సరిచూశామని కూడా ఆ పలక మీదే చెక్కేవారు. మన గెజిటెడ్ అధికారి ‘ట్రూ కాపీ, అటెస్టెడ్’ అని వేసే ముద్రకు దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి తాత అన్నమాట.

మన దగ్గరా ఈ జాగ్రత్త ఉంది. రాజులు ఇచ్చిన రాగిరేకుల శాసనాలను మ్యూజియంలో చూసే ఉంటారు. రేకులన్నిటికీ చిల్లు పెట్టి, ఒక కడియంలో గుచ్చి, కడియం కొసలు కలిసేచోట రాజముద్ర వేసేవారు. మధ్యలో ఒక రేకు తీసి ఇంకోటి దూర్చాలంటే కడియం కోయాల్సిందే. మార్గం వేరు, భయం ఒకటే.

పళ్లు కోసిన కాగితం

ఇంగ్లండ్‌లో మధ్యయుగంలో ఇంకో పద్ధతి నడిచింది. ఒకే తోలు కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్లలాగా వంకరటింకరగా కోసి, చెరో ముక్క ఇచ్చేవారు. తగువు వస్తే రెండు ముక్కలు పక్కపక్కన పెడతారు. పళ్లు సరిగ్గా కలిస్తే రెండూ నిజమైనవే. లాటిన్‌లో ‘డెన్స్’ అంటే పన్ను. అందుకే ఆ పత్రానికి ఇండెంచర్ అని పేరొచ్చింది. డెంటిస్ట్ కూడా అక్కడి నుంచే.

ఈ మాట మన చరిత్రలో చాలా బరువైనది. 19వ శతాబ్దంలో మారిషస్‌కు, నేటాల్‌కు, 20వ శతాబ్దం మొదట్లో ఫిజీకి చెరకు తోటల పనికి వెళ్లిన వేలాది తెలుగువాళ్లు ఇండెంచర్ కూలీలే. మద్రాసులో బయల్దేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. నేటాల్‌కు మన కూలీలతో వెళ్లిన మొదటి ఓడ అది. అప్పటికి కాగితానికి పళ్లు కోసే అలవాటు పోయి పేరు మాత్రమే మిగిలింది. ఒప్పందంలో ఏముందో చదవలేనివాళ్లు వేలిముద్రలు వేసి ఓడెక్కారు. రెండో ప్రతి ఒకటి ఉన్నంత మాత్రాన సరిపోదు, అది చదవగలిగే మనిషి చేతిలో ఉండాలి. ఇవాళ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టి, సర్వీస్ బాండ్ చదవకుండానే వాళ్లకు అప్పగించి, తమ దగ్గర ఒక ప్రతి కూడా ఉంచుకోని మన ఫ్రెషర్లను చూస్తే ఈ సంగతే గుర్తొస్తుంది. సంతకం చేసిన ఏ కాగితమైనా ఇంకో ప్రతి అడిగి తీసుకోండి. ఇంగ్లిష్‌లో దీన్నే ‘ఇన్ డూప్లికేట్’ అంటారు. అంటే రెండు ప్రతులుగా, రెండింటి మీదా సంతకాలతో.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 57వ సెక్షన్ చూడండి. ఒక పత్రాన్ని అనేక ప్రతులుగా రాసి సంతకాలు చేసుకుంటే ప్రతి ఒక్కటీ ప్రాథమిక సాక్ష్యమే. అద్దె ఒప్పందం రెండు ప్రతులు చేసుకుని, ఇద్దరూ రెండింటి మీదా సంతకం పెడితే, ఓనర్ దగ్గరిది అసలు, మీ దగ్గరిది నకలు అనేదేం ఉండదు. రెండూ అసలే. అదే మీరు ఓనర్ ప్రతిని ఫోన్‌తో ఫొటో తీసుకుంటే అది 58వ సెక్షన్ కిందికి, అంటే ద్వితీయ సాక్ష్యం కిందికి వెళ్లిపోతుంది. లా చదివేవాళ్లకూ, గ్రూప్స్ రాసేవాళ్లకూ ఈ తేడా పనికొస్తుంది.

‘కేట్’ అనాలా? ‘కెట్’ అనాలా?

మనం తెలుగులో అన్నిచోట్లా డూప్లికేట్ అనే అంటాం, అందులో తప్పేం లేదు. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం ఒక చిన్న సూత్రం ఉంది. వస్తువు పేరుగానో విశేషణంగానో వాడితే చివర తేలిపోయి ‘డ్యూప్లికట్’ లాగా పలుకుతుంది. క్రియగా వాడితే, అంటే రెండో ప్రతి తీయడం అనే అర్థంలో, ‘డ్యూప్లికేట్’ అని సాగుతుంది. ఈ లెక్క దీనికొక్కదానికే కాదు. ఎస్టిమేట్, సెపరేట్, డెలిగేట్, అసోసియేట్, మోడరేట్ అన్నీ ఇంతే. అన్నిటికన్నా మీకు ముఖ్యమైనది గ్రాడ్యుయేట్. ‘నేను గ్రాడ్యుయేట్‌ని’ అని పరిచయం చేసుకునేటప్పుడు ‘గ్రాడ్యుయట్’ అనాలి. ‘నేను 2024లో గ్రాడ్యుయేట్ అయ్యాను’ అనే అర్థంలో క్రియగా అంటే ‘గ్రాడ్యుయేటెడ్’. సెల్ఫ్ ఇంట్రడక్షన్ మొదటి వాక్యంలోనే వచ్చే మాట కాబట్టి రెండుసార్లు పైకి అని చూసుకోండి.

అర్థాల విషయానికొస్తే ఆఫీసుల్లో డూప్లికేట్ మాట ఎన్ని వేషాలు వేస్తుందో కామర్స్ వాళ్లకు బాగా తెలుసు. జీఎస్టీ నిబంధనల్లో 48వ రూల్ ప్రకారం సరుకు అమ్మితే ఇన్‌వాయిస్ మూడు ప్రతులు తీయాలి. కొన్నవారికి ఇచ్చేదాని మీద ఒరిజినల్ అని, లారీతో పాటు వెళ్లేదాని మీద డూప్లికేట్ అని, అమ్మినవారి దగ్గర ఉండేదాని మీద ట్రిప్లికేట్ అని రాసి ఉండాలి. దారిలో అధికారి ఆపినప్పుడు డ్రైవర్ చూపించేది డూప్లికేటే, అదే సరైన కాగితం. అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి వెళితే ఇది అడిగే అవకాశం ఉంది. లైసెన్స్ పోతే ఆర్టీఏకు ఇచ్చే దరఖాస్తు కూడా డూప్లికేట్ కోసమే. ఒకప్పటి ఇంగ్లండ్‌లో తాకట్టు కొట్టువాడు రాసిచ్చే చీటీకి కూడా డూప్లికేట్ అనే పేరుండేది. ఒకటి వస్తువుకు కట్టి, రెండోది తాకట్టు పెట్టినవాడి చేతిలో పెట్టేవారు. ఆ డూప్లికేట్ ఉంటేనే వస్తువు వెనక్కి.

కంప్యూటర్ దగ్గర ఈ మాట ఇంకో రంగు తేలుతుంది. ఎక్సెల్‌లో ‘రిమూవ్ డూప్లికేట్స్’ అని ఉంటుంది. ఒకే వివరం రెండు వరుసల్లో ఉంటే మొదటిదాన్ని ఉంచి తర్వాతవాటిని తీసేస్తుంది. ఇక్కడ డూప్లికేట్ వరుస అబద్ధం కాదు, ఒకే నిజం రెండుసార్లు వచ్చింది, అంతే. ఓటరు జాబితాలో డూప్లికేట్ ఎంట్రీలు అని వార్తల్లో చదువుతుంటాం కదా, అదీ ఇదే. లేని మనిషి పేరు ఉంటే అది బోగస్. ఉన్న మనిషి పేరే రెండుచోట్ల ఉంటే డూప్లికేట్. డేటా ఎంట్రీ ఇంటర్వ్యూలో ఈ రెండూ ఒకటేనని చెప్పకండి. ఎలక్ట్రానిక్స్ వాళ్లకు డూప్లెక్స్ ఎలాగూ తెలుసు. వాకీటాకీలో ఒకరు మాట్లాడాక ఇంకొకరు, అది హాఫ్ డూప్లెక్స్. ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి, అది ఫుల్ డూప్లెక్స్. సిటీ శివార్లలో బ్రోచర్లు పంచే డూప్లెక్స్ ఇల్లు కూడా రెండంతస్తుల మడతే.

ఇక పాడైపోయిన బిడ్డ ఒకటుంది.. డ్యూప్లిసిటీ. రెండుగా ఉండటం అనే అర్థం మనిషికి అంటుకుంటే ఏమవుతుంది? లోపలొకటి, బయటొకటి. రెండు నాల్కల ధోరణి అని మనం అనేది. డూప్లికేట్‌కు చెడ్డ అర్థం వచ్చింది చూసి, డ్యూప్ అంటే మోసగించడం అనే మాట కూడా ఇందులోంచే వచ్చిందనుకుంటారు. అది వేరే. ఫ్రెంచ్ నుంచి వచ్చింది, సులువుగా మోసపోయే పిట్టగా వాళ్లు చెప్పుకునే కూకుడు గువ్వ పేరు మీద పుట్టిందంటారు. మన సినిమా ఫైట్లలో హీరోకు బదులు దూకే ‘డూపు’ మాత్రం ఆ పిట్ట కాదు. హీరోకు రెండో మనిషి. ఎముకలు విరిగేది ఆయనవే, పేరు పడేది ఇంకొకరిది.

అసలు, నకలు, నకిలీ

మంచి మాట చెడ్డదవడం ఇంగ్లిష్‌లోనే జరిగిందనుకోకండి. మన ఊళ్లలోనే జరిగింది. అసలు, నకలు అనే మాటలు రెండూ అరబ్బీవే. ‘అస్ల్’ అంటే మూలం, వేరు. ‘నఖ్ల్’ అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం, ఎత్తి రాయడం. పర్షియన్, ఉర్దూల మీదుగా కచేరీ భాషలోకి, అక్కడి నుంచి మన నోళ్లలోకి వచ్చాయి. నిజాం పాలనలో ఉర్దూ దస్తావేజుల మధ్య బతికిన తెలంగాణలో ఇవి మరీ పాతుకుపోయాయి. తహసీల్ ఆఫీసులో పహాణీ నకలు కావాలని దరఖాస్తు పెట్టిన మన తాతలెవరూ దొంగ కాగితం అడగలేదు. ప్రభుత్వం ముద్ర వేసి ఇచ్చే రెండో ప్రతి అడిగారు.

అదే ‘నఖ్ల్’కు విశేషణం నకిలీ. ఈ మాట మాత్రం పూర్తిగా అవతలి ఒడ్డుకు వెళ్లిపోయింది. నకలు ఇస్తే అధికారి, నకిలీ ఇస్తే నేరస్తుడు! ఒక్క అక్షరం తేడాలో ఒకే వేరు రెండు కొమ్మలైంది. తెలుగులో అలా రెండు మాటలుగా విడిపోయింది కాబట్టి మనకు గందరగోళం లేదు. డూప్లికేట్ మాత్రం విడిపోకుండా రెండు పనులూ తన నెత్తినే వేసుకుంది. బజారులో నకిలీకి బదులు వాడతాం, బోర్డు ఆఫీసులో నకలుకు బదులు వాడతాం.

ఇంగ్లిష్ రాతలో అయితే ఈ రెంటినీ వేరుగానే ఉంచడం మేలు. నకిలీ విత్తనాలను ఇంగ్లిష్ పత్రికలు ‘స్ప్యూరియస్ సీడ్స్’ అంటాయి. దొంగనోటు ‘కౌంటర్‌ఫీట్’. సంతకం, ముద్ర దొంగవైతే ‘ఫోర్జ్‌డ్’. వ్యవసాయ విస్తరణాధికారి పోస్టుకో, బ్యాంకు ఉద్యోగానికో వ్యాసం రాసేటప్పుడు వీటన్నిటికీ ఒక్క డూప్లికేట్‌నే వాడితే చదివేవారికి అర్థం కాకపోదు గానీ, మార్కులు వేసేవారు ఆగుతారు. చిత్రకళలో రెప్లికా అనే మాటకు ఇంకా కచ్చితమైన అర్థం ఉండేది. అసలు బొమ్మ గీసిన చిత్రకారుడే తన చేత్తో మళ్లీ గీసిన రెండో బొమ్మే రెప్లికా. వేరొకడు గీస్తే అది కాపీ. ఎవరి చేయి అన్నదాని మీదే తేడా అంతా ఉంది.

మీ మెమో విషయంలోనూ అంతే. ఎవరి చేయి?

మెమో పోతే..

2024 సెప్టెంబర్ 1న కురిసిన వానలకు ఇంటికన్నె - కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోరు. మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్లు మునిగాయి. ఇంట్లోకి నీళ్లొస్తే బియ్యం మూట పైకెత్తుతాం, టీవీ పైకెత్తుతాం, బీరువా అడుగు అరలో ఉన్న సర్టిఫికెట్ల ఫైలు గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోతుంది. వరదే అక్కర్లేదు, బస్సులో బ్యాగ్ మర్చిపోయినా చాలు.

అలాంటప్పుడు అడగాల్సింది డూప్లికేట్. దానిని ఇచ్చే అధికారం మొదటిది ఇచ్చినవారికే ఉంటుంది. పదో తరగతి మెమో అయితే చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి, ఇంటర్ అయితే ఇంటర్మీడియట్ బోర్డుకు, డిగ్రీ అయితే యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్లాలి. కేసముద్రం, మహబూబాబాద్ వైపు కాలేజీల వాళ్లకు అది వరంగల్‌లోని కాకతీయ యూనివర్సిటీ. టీసీ అయితే కాలేజీయే ఇస్తుంది. పోయిందని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, వెతికినా దొరకలేదనే ధ్రువపత్రం, నోటరీ అఫిడవిట్ వంటివి సాధారణంగా అడుగుతారు. ఫీజు, జతచేయాల్సిన కాగితాలు బోర్డును బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి ఆయా వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే బయల్దేరండి. పోయిన మెమో జిరాక్స్ ఒకటి మీ దగ్గర ఉంటే హాల్‌టికెట్ నంబర్, ఉత్తీర్ణులైన నెల, సంవత్సరం వెతుక్కునే పని తప్పుతుంది. జిరాక్స్ గొప్ప ఉపయోగం అదే.

జిరాక్స్ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక్క మాట. గ్రీకులో ‘క్సీరోస్’ అంటే పొడి. తడి సిరా లేకుండా పొడి రంగుతో ప్రతి తీసే పద్ధతిని 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ కనిపెట్టాడు. తర్వాత అది కంపెనీ పేరైంది, మన దగ్గర ఆ పనికే పేరైంది. జిరాక్స్ అంటే మీ మెమో నీడ. నీడను ఎవరైనా తీయొచ్చు, అందుకే దానికి సొంతంగా విలువ లేదు. దాని మీద అధికారి ‘ట్రూ కాపీ’ అని సంతకం చేస్తే అటెస్టెడ్ కాపీ, మీరే సంతకం చేస్తే సెల్ఫ్ అటెస్టెడ్. చాలా ఉద్యోగాల దరఖాస్తులకు ఇప్పుడు సెల్ఫ్ అటెస్టేషన్ సరిపోతోంది. అయితే ఆ సంతకం ఉత్త లాంఛనం కాదు. ఇది అసలుతో సరిపోలిందని మీరు పూచీ పడుతున్నారు. స్నేహితుడి కాగితాల మీద వాడి సంతకం మీరు గీకేయడం కాలేజీలో సరదాగా ఉండొచ్చు, ఇక్కడ మాత్రం కుదరదు.

జిరాక్స్, అటెస్టెడ్ కాపీ ఎన్ని ఉన్నా వెరిఫికేషన్‌లో ‘ఒరిజినల్ చూపించండి’ అంటారు. డూప్లికేట్ మెమో ఉన్నవారు ఆ సమయంలో చూపించాల్సింది ఆ డూప్లికేట్‌నే. బోర్డు తన రికార్డు చూసి, తన సంతకంతో, తన ముద్రతో మళ్లీ ఇచ్చిన పత్రం అది. చిత్రకారుడి చేతి రెప్లికా లాంటిది.

డిజీలాకర్ వచ్చాక మరో దారి ఏర్పడింది. 2015లో మొదలైన ఈ సేవకు సంబంధించి 2016 నాటి ఐటీ నిబంధనల్లో 2017లో చేర్చిన 9ఎ రూల్ ఉంది. జారీ చేసిన సంస్థే డిజీలాకర్‌లోకి పంపిన పత్రం, కాగితం మీది అసలుతో సమానమని దాని సారాంశం. ఇక్కడా ఆ పాత తేడానే చూడండి. ‘ఇష్యూడ్ డాక్యుమెంట్స్’ విభాగంలో బోర్డు పంపినదైతే అసలుతో సమానం. మీరే ఫోన్‌తో స్కాన్ చేసి అప్‌లోడ్ చేసుకున్నది అయితే, అది డిజీలాకర్‌లో ఉన్నా ఉత్త స్కానే. రెండూ ఒకే యాప్‌లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలామంది పొరబడుతున్నారు. కొన్ని నోటిఫికేషన్లు కాగితం పత్రాలే తెమ్మని స్పష్టంగా రాస్తాయి. అక్కడ వాదన పెట్టుకోకుండా నోటిఫికేషన్‌లో ఉన్నదే చేయండి.

మెమో పోయిందన్న కంగారులో ఉన్నవాడికి ఎదురయ్యేది ఇంకొకడున్నాడు. ‘బోర్డు చుట్టూ ఎన్ని నెలలు తిరుగుతవ్ తమ్మీ, వారంల డూప్లికేట్ నేనిప్పిస్తా’ అంటాడు. వాడు అనే డూప్లికేట్, మార్కెట్ యార్డులో రైతు తిట్టే డూప్లికేట్ రెండూ ఒకటే. నిజంగా చదివి, నిజంగా పాసైన మనిషి, పోయిన తన సొంత మెమో బదులు అలాంటి కాగితం కొని చూపించినా అది ఫోర్జరీయే. దొంగ పత్రమని తెలిసీ అసలుదిగా చూపడం భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ కింద నేరం. మీ మార్కులు నిజమే కావచ్చు, కాగితం నిజం కాదు. వెరిఫికేషన్ చేసేవారు హాల్‌టికెట్ నంబర్‌తో బోర్డును అడిగితే మార్కులు సరిపోతాయి. మరి ఆ డూప్లికేట్ ఎప్పుడు ఇచ్చారని అడిగితే బోర్డు దగ్గర రికార్డే ఉండదు. అక్కడ దొరికిపోతారు.

బోర్డు నుంచి అసలైన డూప్లికేట్ చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి పేరు స్పెల్లింగ్, తండ్రి పేరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబర్ ఒకసారి చదువుకోండి. ఆధార్‌లో ఒకలా, మెమోలో ఒకలా ఉంటే సవరణకు వేరే దరఖాస్తు పెట్టాలి, డూప్లికేట్‌తో అది తీరదు. పాత మెమోలో ఏం ఉందో అదే దీనిలోనూ వస్తుంది. తప్పుంటే తప్పుతో సహా. డూప్లికేట్ అంటే అర్థం అదే కదా. ఆ రోజు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు ప్రతి, అఫిడవిట్ ప్రతి కూడా అదే ఫైల్లో ఉంచండి. వెరిఫికేషన్ అధికారి ‘డూప్లికేట్ ఎందుకు?’ అంటే వాటిని తీసి చూపిస్తూ ‘ఒరిజినల్ పోయింది సార్, ఇది బోర్డు ఇచ్చిన డూప్లికేట్’ అని మామూలుగా చెప్పండి. ఇంగ్లిష్‌లో అడిగితే ‘ఇటీజ్ ఎ డ్యూప్లికట్, ఇష్యూడ్ బై ద బోర్డ్’. చివర ‘కేట్’ అని సాగదీయక్కర్లేదు.